మలుపులో బండి వంపు, టైరు అరుగుదల: కొలవడం, గుర్తుపట్టడం, సరిచేయడం

"వెనక టైరు నడిమి చదునైపోయింది, అంచులు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. నేను మలుపుల్లో బండి సరిగా వంచడం లేదా?" బైక్ నడిపేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. దాని వెంటే ఇంకోటి వస్తుంది: "ఎంతవరకు వంచొచ్చు? ఎక్కడ జారుతుంది?"

అంచున అరగకుండా మిగిలిన రబ్బరు పట్టీని చికెన్ స్ట్రిప్ అంటారు. దాని వెడల్పు చూసి మనిషి ధైర్యాన్ని తేల్చేవాళ్లు చాలామంది. నా మట్టుకు అది పనికిరాని లెక్క. టైరు ఎక్కడ అరిగింది, ఏ తీరున అరిగింది, రెండు వైపులా ఒకేలా అరిగిందా అన్నవి చూస్తేనే పనికొచ్చే సంగతులు తెలుస్తాయి.

కింది పనులు ఇచ్చిన వరుసలోనే చేయండి. ముందు గాలి, తర్వాత కొలత, ఆ తర్వాత బండిలో లోపాలు, చివరికి వంపు. గాలి తక్కువగా ఉన్న టైరుతో, లూజైన బేరింగ్‌తో వంపు సాధన మొదలుపెడితే తప్పు మీదో బండిదో తేల్చుకోలేరు.

## 1. దగ్గర పెట్టుకోవాల్సినవి

- సొంత గాలి గేజ్. గాలి పట్టే చోట ఉండే మీటర్లు ఒకదానికొకటి పొంతన లేకుండా చూపిస్తాయి. మీ గేజ్ ఒక్కటే వాడితే కనీసం పోలిక నిలకడగా ఉంటుంది.
- ట్రెడ్ (టైరులో నేలను తాకే గాడుల భాగం) లోతు కొలిచే చిన్న గేజ్, మిల్లీమీటర్లలో.
- సుద్దముక్క, టార్చి, పాత గుడ్డ.
- చక్రం నేల నుంచి లేచేలా నిలబెట్టే స్టాండ్.
- కొలతలు రాసుకోవడానికి నోట్‌బుక్. ఫోన్ అయినా చాలు.

టైరును ముందు నీళ్లతో కడిగి ఆరనివ్వండి. మెరుపు కోసం వాడే పాలిష్‌లు టైరు నేలను తాకే భాగానికి అస్సలు తగలకూడదు. టైరు పక్క గోడకు (అంచుకూ రిమ్‌కూ మధ్య ఉండే భాగానికి) పూసినా కొంత జారి అంచు మీదికి వస్తుంది, ఆ అంచు మీదే మీరు మలుపు తిరగాలి.

## 2. గాలి: చల్లగా ఉన్నప్పుడే చూడాలి

బండి కనీసం 3 గంటలు కదలకుండా ఉన్నాక గాలి చూడండి. నడిపి వచ్చిన వెంటనే చూస్తే వేడికి అంకె పెరిగి కనిపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే, చల్లారాక టైరు మెత్తబడి ఉంటుంది. ఇది చాలా మామూలుగా జరిగే పొరపాటు.

వాతావరణం 10 డిగ్రీలు చల్లబడితే 30 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉన్న టైరులో సుమారు 1.5 పీఎస్ఐ తగ్గుతుంది. అందుకే చలికాలం మొదట్లో లీకేజీ ఏమీ లేకపోయినా గాలి తగ్గినట్టు కనిపిస్తుంది.

ఎంత పెట్టాలన్నది బండి తయారీదారు చెప్పిన అంకె. అది చైన్ కవర్ మీదో, స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) మీదో, యజమాని పుస్తకంలోనో ఉంటుంది. టైరు పక్క గోడ మీద అచ్చేసిన అంకె గరిష్ఠ హద్దు మాత్రమే. దాన్ని చూసి గాలి పెట్టకండి.

గాలి తక్కువైతే టైరు ఎక్కువగా నలిగి వేడెక్కుతుంది, మలుపులో హ్యాండిల్ బరువుగా, బద్ధకంగా అనిపిస్తుంది, నడిమికి అటూ ఇటూ ఉన్న భాగం తొందరగా అరుగుతుంది. ఎక్కువైతే నేలను తాకే మేర చిన్నదై నడిమి మీదే భారమంతా పడుతుంది, ప్రతి గతుకూ చేతికి తెలుస్తుంది.

సరిచూసుకోండి:

- రెండు చక్రాలకు వేరు వేరు అంకెలు ఉన్నాయా?
- వెనక మనిషి ఉన్నప్పుడు పెట్టాల్సిన అంకె వేరుగా ఉందా?
- వాల్వ్ మూత ఉందా? ఉమ్మి పెట్టి చూస్తే బుడగలు వస్తున్నాయా?

## 3. లోతు కొలవడం

ఒక్క చోట గేజ్ గుచ్చి చూసి "ఇంకా ఉంది" అనుకోవడం పనికిరాదు. టైరు అడ్డంగా అయిదు చోట్ల కొలవాలి: ఎడమ అంచు, ఎడమ అంచుకూ నడిమికీ మధ్య, నడిమి, కుడి మధ్య, కుడి అంచు. చక్రాన్ని మూడో వంతు తిప్పి మళ్లీ అయిదు, ఇంకోసారి తిప్పి మళ్లీ అయిదు. నమూనాలో గాడి లేని చోటు వస్తే పక్కన ఉన్న దగ్గరి గాడిలో కొలవండి.

గాడుల అడుగున అక్కడక్కడా చిన్న దిమ్మలు కనిపిస్తాయి. అవి అరుగుదల గుర్తులు. అవి ఎక్కడున్నాయో పక్క గోడ మీద టీడబ్ల్యూఐ అనే అక్షరాలో, చిన్న త్రికోణమో చూపిస్తుంది. ట్రెడ్ అరిగి దిమ్మతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. చట్టం చెప్పే కనీస లోతు దేశాన్ని బట్టి మారుతుంది. వానలో నడిపేవాళ్లు దానికోసం ఎదురుచూడకుండా 2 మి.మీ. దగ్గరే మార్చేయడం మంచిదని నా అభిప్రాయం. ఆ తర్వాత గాడులు నీళ్లను పక్కకు నెట్టే శక్తి చాలా తగ్గిపోతుంది.

ఇదే సమయంలో వయసు కూడా చూడండి. పక్క గోడ మీద డీఓటీ అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని. అయిదేళ్లు దాటిన టైరును ఏటా తెలిసినవాళ్లకు చూపించండి. పదేళ్లు దాటితే గాడులు ఎంత లోతుగా ఉన్నా తీసేయండి. గట్టిపడ్డ రబ్బరు తారును పట్టుకోదు. బండి నిలబడి ఉన్నప్పుడు చూస్తే అది నిక్షేపంలా ఉంటుంది, మోసమంతా అక్కడే.

## 4. అరుగుదల చూసి కారణం చెప్పడం

బండిని స్టాండ్ మీద పెట్టి, వెనక నుంచి టైరు ఎత్తుకు కూర్చుని చూడండి. మంచి టైరు అంచు నుంచి అంచుకు ఒకే గుండ్రంతో ఉంటుంది.

నడిమి చదును. తిన్నటి రోడ్ల మీద ఎక్కువ తిరిగే బండికి ఇది తప్పదు. గాలి ఎక్కువున్నా, బరువు ఎక్కువున్నా, అదాటుగా యాక్సిలరేటర్ తిప్పే అలవాటున్నా ఇంకా తొందరగా వస్తుంది. నడిపేటప్పుడు దీన్ని ఇలా పట్టుకోవచ్చు: మలుపు మొదట్లో బండి వంగనని మొరాయిస్తుంది, కొంచెం గట్టిగా నెడితే ఒక్కసారిగా పక్కకు పడిపోతున్నట్టు వాలుతుంది. చదును భాగానికీ గుండ్రని భాగానికీ మధ్య ఏర్పడిన గట్టు మీదికి టైరు ఎక్కి దిగడమే దీనికి కారణం.

దీనికి మందు లేదు. "అంచులు కూడా అరగదీస్తే మళ్లీ గుండ్రం అవుతుంది" అని కొందరు సలహా ఇస్తారు. వినకండి. ఆ గట్టు మీద నేలను తాకే మేర తక్కువ, వంపు కూడా నిలకడగా ఉండదు, అలాంటి టైరుతో గట్టిగా వంచడం పని చెడగొట్టుకోవడమే. మార్చేటప్పుడు నడిమి గట్టి రబ్బరు, అంచులు మెత్త రబ్బరు ఉండే డ్యూయల్ కాంపౌండ్ టైరు మీ సైజులో దొరికితే తీసుకోండి.

ముందు టైరు నడిమి మిగిలి, రెండు పక్కలా అరగడం. టైరు త్రికోణంలా కనిపిస్తుంది. మలుపులు ఎక్కువగా ఉన్న రోడ్ల మీద, మలుపులోకి వెళ్లాక కూడా బ్రేక్ పట్టుకునే వాళ్లకు ఇది ఎక్కువ. గాలి తక్కువైనా వస్తుంది. ముందు గాలి సరిచేసి, తర్వాత మీ బ్రేక్ అలవాటు చూసుకోండి.

గుంటలు గుంటలుగా అరగడం. అరచేతిని టైరు చుట్టూ మెల్లగా నడిపితే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. ఒక దిశలో నున్నగా, ఎదురు దిశలో గీరుతున్నట్టు ఉంటే అది మొదటి దశ. ముందు టైరులో బ్రేకింగ్ వల్ల కొద్దిగా రావడం మామూలే. బాగా లోతుగా ఉండి, హ్యాండిల్ వణుకుతూ, మలుపులో గుర్రుమనే చప్పుడు వస్తుంటే ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కడ్డీలు), బేరింగ్‌లు, చక్రం బ్యాలెన్స్ చూడాల్సిందే.

ఒక వైపు ఎక్కువ అరగడం. రోడ్డుకు ఎడమ పక్కన నడిపే దేశాల్లో సాధారణంగా టైరు కుడి వైపు కొంచెం ఎక్కువ అరుగుతుంది. కుడి మలుపులో మనం బయటి వరుసలో ఉంటాం, అందుకని అదే మలుపులో ఎక్కువ దూరం వంగి నడుస్తాం. ముందున్న రోడ్డు కూడా ఎక్కువ దూరం కనిపిస్తుంది కాబట్టి వేగం తగ్గించం. కుడి పక్కన నడిపే దేశాల్లో ఇది తలకిందులు. ఈ తేడాకు టెన్షన్ పడక్కర్లేదు. రెండు మధ్య భాగాల కొలతలకూ తేడా 1 మి.మీ. దాటితే మాత్రం వెనక చక్రం వంకరగా బిగించారేమో చూడటం నా పద్ధతి.

అంచు రబ్బరు తీరు. సన్నని గరుకు కాగితంలా ఉంటే అంతా బాగున్నట్టు. చిన్న చిన్న ఉండలు చుట్టుకుని ఉంటే రబ్బరు వేడెక్కి బాగా పనిచేసిందని అర్థం. పెచ్చులు పెచ్చులుగా చిరిగి ఉంటే మాత్రం గాలి సరిగా లేదు, లేదా సస్పెన్షన్ సరిగా లేదు, లేదా చల్లటి టైరును మొదటి మలుపులోనే బలవంతంగా వంచారు.

ఇక ఆ చికెన్ స్ట్రిప్ సంగతి. దాని వెడల్పు మీ వంపు ఒక్కదాని మీదే ఆధారపడదు. వెడల్పాటి టైరు వేస్తే పెరుగుతుంది. గాలి తక్కువైతే టైరు పరుచుకుని పట్టీ తగ్గుతుంది, మీరు వంచింది అంతే అయినా. ముందు టైరు పట్టీ వెనకదానికంటే వెడల్పుగా ఉండటం చాలా బండ్లలో సహజం. స్కూటర్లు, మామూలు రోజువారీ బైకుల్లో టైరు అంచు నేలకు చేరేలోపే ఫుట్‌రెస్టో స్టాండో రోడ్డును గీకుతుంది, కాబట్టి ఆ పట్టీ ఎప్పటికీ పోదు. పోగొట్టాలని ప్రయత్నించడం అంటే సైలెన్సర్‌ను రోడ్డు మీద ఆనించడమే.

వెంటనే బండి ఆపేయాల్సిన గుర్తులు:

- రబ్బరు కింద నుంచి దారాలు కానీ తీగలు కానీ కనిపించడం
- పక్క గోడలో ఉబ్బు, కోత, లోతైన పగుళ్లు
- టైరు అంచులో కానీ పక్క గోడలో కానీ పంక్చర్. నడిమిలో పడిన చిన్న రంధ్రాన్నే బాగుచేయించాలి, వంపులో నలిగే అంచున వేసిన ప్యాచ్‌ను నమ్మకండి.

## 5. నింద టైరు మీద వేసే ముందు

కొత్త టైరు వేసినా కొద్ది రోజులకే అదే తీరున అరుగుతోందంటే లోపం బండిలో ఉంది. ఈ అయిదూ చూడండి.

1. హ్యాండిల్ బేరింగ్. ముందు చక్రం లేపి, ఫోర్క్ కింది కొసలు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. 'టక్' మంటే లూజుగా ఉంది. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే నడుమ ఎక్కడైనా పట్టేసినట్టు ఉంటే బేరింగ్ మార్చాలి.
2. చక్రం బేరింగ్. చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి పక్కలకు ఊపండి. ఏ మాత్రం ఆట ఉండకూడదు.
3. వెనక చక్రం వరుస. చైన్ బిగించినప్పుడల్లా స్వింగ్‌ఆర్మ్ రెండు వైపులా ఉన్న గీతలు సరిపోయాయా చూడాలి. గీతల మీద అనుమానం ఉంటే రెండు చక్రాల పక్కల వెంబడి దారం లాగి పట్టి చూడండి.
4. ఫోర్క్, షాక్ అబ్జార్బర్. బండిని గట్టిగా నొక్కి వదిలితే ఒకసారి లేచి నిలవాలి. రెండు మూడు సార్లు ఊగుతూ ఉంటే లోపల ఆయిల్ పని అయిపోయింది. ఫోర్క్ కడ్డీ మీద నూనె మరక ఉంటే సీల్ పోయింది, ఆ నూనె బ్రేక్ మీదికి రాకముందే చేయించండి.
5. బ్యాలెన్స్. రిమ్‌కు అతికించిన సీసం ముక్క ఊడిపోయిన గుర్తు ఉందేమో చూడండి.

## 6. వంపు కోణం ఎంత కావాలో లెక్క

బండి ఎంత వంగాలన్నది రెండే తేలుస్తాయి: వేగం, మలుపు వ్యాసార్ధం. లెక్కలో బరువు లేదు. వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని దాని వర్గాన్ని, వ్యాసార్ధాన్ని 9.8తో గుణించగా వచ్చిన అంకెతో భాగించాలి. వచ్చింది ఆ కోణపు ట్యాంజెంట్. 30 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో ఇలా వస్తుంది:

- గంటకు 30 కి.మీ.: సుమారు 13 డిగ్రీలు
- 40 కి.మీ.: సుమారు 23 డిగ్రీలు
- 50 కి.మీ.: సుమారు 33 డిగ్రీలు
- 60 కి.మీ.: సుమారు 43 డిగ్రీలు

ఈ నాలుగు వరుసలు గుర్తుపెట్టుకుంటే చాలు. ఇలాంటి మలుపులో ప్రతి 10 కి.మీ. వేగానికి 10 డిగ్రీల వంపు అదనంగా కావాలి. 30లో హాయిగా తిరిగిన మలుపు 50లో వేరే మలుపు.

నిజంగా వంగేది ఈ లెక్క కన్నా కొంచెం ఎక్కువే. టైరుకు వెడల్పు ఉంది కాబట్టి, వంగేకొద్దీ నేలను తాకే చోటు మలుపు లోపలి వైపు జరుగుతుంది, దాన్ని పూడ్చడానికి బండి ఇంకొంత వాలాలి. అందం కోసం వెడల్పాటి టైరు వేస్తే అదే మలుపుకు అదే వేగంలో ఎక్కువ వంచాల్సి వస్తుంది, హ్యాండిల్ కూడా బరువెక్కుతుంది. కంపెనీ ఇచ్చిన సైజు మీద ఉండటమే మేలు.

రెండో సగం పట్టు. పొడి తారు మీద మంచి టైరుకు ఘర్షణ గుణకం (రోడ్డు మీద టైరు పట్టును చెప్పే అంకె) సుమారు 0.8 అనుకుంటే, లెక్క ప్రకారం 38 డిగ్రీల దాకా పట్టు దొరుకుతుంది. అదే గుణకం 0.5కు పడిపోతే 26 డిగ్రీలు, 0.3 అయితే 16 డిగ్రీలు. తడి, ఇసుక, డీజిల్ మరక, రోడ్డు మీద వేసిన రంగు గీతలు, ఇనుప మూతలు ఆ అంకెను ఎంత కిందికి దించుతాయో ముందుగా చెప్పలేం.

పట్టు నెల జీతం లాంటిది. మొత్తం ఇంతే. మలుపు తిరగడానికి ఎంత ఖర్చుపెడితే బ్రేక్‌కూ యాక్సిలరేటర్‌కూ అంత తక్కువ మిగులుతుంది. 30 డిగ్రీల వంపులో ఉన్నప్పుడు మెల్లగా బ్రేక్ వేయడానికి వీలుంటుంది. పట్టు చివరంచున వంగి ఉన్నప్పుడు లివర్ మీద వేలు గట్టిగా పడితే చక్రం జారిపోతుంది. అందుకే రోడ్డు మీద చేరగలిగిన వంపంతా వాడేయకూడదు. మలుపు అవతల ఏముందో తెలియనప్పుడు మిగిలిన పట్టే ఆసరా.

కోణం కొలవడానికి ఫోన్ యాప్‌లు ఉన్నాయి. వాటిలో గైరోస్కోప్ (ఫోన్ ఎంత తిరిగిందో పట్టే సెన్సర్) వాడనివి దండగ. సరిగ్గా వంగి తిరుగుతున్న బండి మీద బరువు, పక్కకు లాగే బలం కలిసి బండి నిలువు గీత వెంబడే నేలలోకి దిగుతాయి. అంటే బండికి బిగించిన లెవెల్ బుడగ ఎంత వంచినా దాదాపు నడిమిలోనే ఉంటుంది. వెనక నుంచి ఎవరితోనైనా వీడియో తీయించి, ఆపి, చక్రం గీత చూసుకోవడం ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి.

## 7. మలుపులో చేయాల్సిన పనులు, వరుసలో

1. చూపు. మలుపులో కనిపించినంత దూరం చూడండి. ముందు చక్రం ముందున్న గుంతను చూస్తూ ఉంటే అందులోకే వెళ్తారు.
2. వేగం నిటారుగా ఉన్నప్పుడే తగ్గించండి. బ్రేక్, గేర్ పని రెండూ వంచక ముందే అయిపోవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇదొక్కటి అలవాటైతే సగం సమస్యలు తీరతాయి.
3. చోటు ఎంచుకోండి. మీ వరుసలోనే బయటి వైపు నుంచి మొదలుపెట్టి, లోపలికి ఆలస్యంగా చేరండి. దారి వెడల్పై వంపు తగ్గుతుంది, ముందున్నది ఎక్కువగా కనిపిస్తుంది. నడి గీత దగ్గర మాత్రం జాగ్రత్త: 30 డిగ్రీలు వంగినప్పుడు 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న తల చక్రం కన్నా 75 సెంటీమీటర్లు లోపలికి వెళ్తుంది. చక్రాలు మీ వరుసలోనే ఉన్నా తల ఎదురు వరుసలో ఉండొచ్చు.
4. లోపలి హ్యాండిల్ ముందుకు నెట్టండి. కుడికి తిరగాలంటే కుడి చేతితో ముందుకు మెల్లగా నెట్టాలి. వింతగా అనిపిస్తుంది కానీ కాస్త వేగం అందుకున్న బండి వంగేది ఇలాగే. ఒక్కసారిగా కాకుండా, నిదానంగా, ఆగకుండా నెట్టండి.
5. యాక్సిలరేటర్ నిలకడగా. వంగాక చాలా కొద్దిగా తెరిచి ఉంచండి. మూసేస్తే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, బండి లోపలికి కూలబడ్డట్టు అనిపిస్తుంది.
6. బయటికి. మలుపు చివర కనిపించాకే బండిని లేపుతూ, లేచినకొద్దీ యాక్సిలరేటర్ తెరవండి. వంగి ఉండగానే గట్టిగా తిప్పడం వల్లే వెనక టైరు అంచు వృథాగా కరుగుతుంది.

శరీరం విషయానికి వస్తే, రోడ్డు మీద పిర్రలు సీటు దించి వేలాడక్కర్లేదు. నడుం పైభాగం, తల కొద్దిగా లోపలికి, ముందుకు తెస్తే అదే వేగానికి బండి వంపు కొంత తగ్గుతుంది. తడి రోడ్డు మీద ఇది చాలా ఉపయోగం. బండిని లోపలికి తోసి మనిషి నిటారుగా కూర్చుంటే దీనికి వ్యతిరేకం: అవసరం లేని వంపు, అవసరం లేని అంచు అరుగుదల.

జరిగే పొరపాట్లు, చేయాల్సింది

*మలుపు మధ్యలో వేగం ఎక్కువైందని భయం వేసింది.* ముందు బ్రేక్ గట్టిగా పట్టుకుంటే బండి లేచి నిలబడి తిన్నగా బయటికి పోతుంది, లేదా చక్రం జారుతుంది. చూపు మలుపు వైపే ఉంచి లోపలి హ్యాండిల్‌ను ఇంకొంచెం నెట్టండి. చాలాసార్లు టైరులో ఇంకా పట్టు ఉంటుంది, ముందు చేతులెత్తేసేది మనమే. దారి తిన్నగా ఉండి చోటుంటే మాత్రం బండిని లేపి, ఆ తర్వాత బ్రేక్ వేయండి.

*ఫుట్‌రెస్ట్ రోడ్డును గీకింది.* చాలా బండ్లలో అది మడతపడేలా చేసి ఉంటుంది, కంగారుపడి ఏదీ వదిలేయకండి. శరీరాన్ని లోపలికి తెచ్చి వంపు కొంచెం తగ్గించండి. సెంటర్ స్టాండ్, సైలెన్సర్ మడతపడవు. అవి గట్టిగా ఆనితే వెనక చక్రం నేల వదిలేస్తుంది. ఆ మలుపుకు ఆ వేగం మీ బండికి ఎక్కువ, అంతే.

*చేతులు బిగుసుకుపోతున్నాయి.* మోకాళ్లతో ట్యాంకును పట్టుకోండి, మోచేతులు వదులుగా ఉంచండి. బిగుసుకున్న చేతులు ఒకటి నెడుతుంటే రెండోది అడ్డం పడుతుంది.

## 8. ఖాళీ స్థలంలో సాధన, సుద్ద పరీక్ష

శుభ్రంగా, పొడిగా, ఇసుక లేకుండా, వాహనాలు రాని తారు లేదా కాంక్రీటు స్థలం కావాలి. హెల్మెట్, చేతి తొడుగులు, చీలమండ కప్పే బూట్లు, మందపాటి జాకెట్ వేసుకోండి. సాధన వేగాలకు ఇంత ఎందుకని అనిపిస్తుంది. పడేది కూడా ఈ వేగాల్లోనే.

10 మీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గుర్తుపెట్టండి. గంటకు 20 కి.మీ. వేగంతో తిరిగితే వంపు 17 డిగ్రీల దగ్గర ఉంటుంది, 25లో 26 డిగ్రీలు. 30లో 35 డిగ్రీలు, అక్కడికి వెళ్లే తొందర వద్దు. ఒక వైపు కాసేపు తిరిగాక రెండో వైపు అంతసేపు తిరగండి. దాదాపు ప్రతివాళ్లకూ ఒక వైపు సులువు, ఒక వైపు భయం. భయపడే వైపే రెండు చుట్లు ఎక్కువ వేయండి.

టైరు ఎంత మేర నేలకు తగిలిందో తెలియాలంటే:

- రెండు టైర్లకూ అంచు నుంచి అంచుకు అడ్డంగా సుద్దతో మందంగా గీయండి.
- రెండు వైపులా కొన్ని చుట్లు తిరగండి.
- ఆపి చూడండి. సుద్ద చెరిగిన చోటి దాకా మీరు వంగారు.
- ఎడమ, కుడి మిగిలిన సుద్ద వెడల్పు రాసుకోండి.

రెండు వైపులా మిగిలిన సుద్ద దాదాపు సమానంగా రావడమే గురి. వెడల్పు తగ్గించడం మీద మనసు పెట్టకండి.

## 9. తడి, చలి, వెనక మనిషి

తడి రోడ్డు మీద వేగం తగ్గించండి, వంపు దానంతటదే తగ్గుతుంది. నిదానంగా వంచడం, నిదానంగా లేపడం ముఖ్యం. చాలా రోజులు వాన లేక మళ్లీ పడినప్పుడు మొదటి జల్లులోనే రోడ్డు మీది నూనె, దుమ్ము పైకి తేలి బాగా జారుతుంది. ఇనుప మూతలు, రంగు గీతలు తప్పవనుకుంటే వాటి మీద బండిని నిటారుగా ఉంచి దాటండి.

చల్లటి టైరుకు పట్టు తక్కువ. బయల్దేరాక మొదటి కొన్ని కిలోమీటర్లు మలుపులు మెల్లగా తీసుకోండి. అటూ ఇటూ పాములా తిప్పితే టైరు వేడెక్కుతుందన్నది వట్టి మాట, రోడ్డు మీద బ్రేక్, యాక్సిలరేటర్ మామూలుగా వాడటమే టైరును వేడి చేస్తుంది.

వెనక మనిషి ఎక్కితే వెనక షాక్ కుంగి స్టాండ్, సైలెన్సర్ నేలకు దగ్గరవుతాయి. ప్రీలోడ్ (షాక్ స్ప్రింగును ముందే నొక్కి ఉంచే బిగువు) పెంచి, ఆ బరువుకు చెప్పిన గాలి పెట్టండి. వెనక కూర్చున్నవాళ్లకు ఒక్క మాట చెప్పండి: మలుపులో బండితోపాటే ఉండాలి, భయంతో ఎదురు వైపు వాలకూడదు.

## 10. టైరు మార్చే రోజు, ఆ తర్వాత

పాత టైరు మీది అంకెలు చూసుకోండి. 100/90-17 55పీ అని ఉంటే వెడల్పు 100 మి.మీ., ఎత్తు అందులో 90 శాతం, రిమ్ 17 అంగుళాలు. 55 అంటే 218 కిలోల బరువు మోయగలదు, పీ అంటే గంటకు 150 కి.మీ. దాకా. కొత్తది ఈ రెండింటిలోనూ కంపెనీ చెప్పినదానికి తగ్గకూడదు. ముందు ఒక రకం, వెనక ఇంకో రకం నమూనా కలిపి వేయకుండా ఉంటే వంపులో బండి ఒకే తీరుగా స్పందిస్తుంది. ముందుది బాగున్నా వెనకది మాత్రమే మార్చాల్సి వస్తే అదే కంపెనీ, అదే మోడల్ వేయించండి.

బిగించాక అక్కడే నిలబడి చూడండి:

- తిరిగే దిశ చూపించే బాణం సరైన వైపు ఉందా?
- టైరు పక్క గోడ మీది సన్నని గీత రిమ్‌కు చుట్టూ సమాన దూరంలో ఉందా? ఒక చోట లోపలికి పోతే టైరు సరిగా కూర్చోలేదు.
- బ్యాలెన్స్ చేశారా? ట్యూబ్‌లెస్ అయితే కొత్త వాల్వ్ వేశారా?
- ఇరుసు నట్టు, చైన్ బిగువు, వెనక చక్రం గీతలు సరిగా ఉన్నాయా?
- బండి కదిలే ముందు బ్రేక్ నాలుగైదు సార్లు నొక్కారా? చక్రం తీసి పెట్టినప్పుడు ప్యాడ్‌లు వెనక్కి జరిగి ఉంటాయి, మొదటి నొక్కుకు బ్రేక్ పడకపోవచ్చు.

కొత్త టైరు పై పొర నున్నగా ఉంటుంది, పట్టు తక్కువ. మొదటి 150 కి.మీ. గట్టి బ్రేక్, గట్టి వంపు, అదాటు యాక్సిలరేటర్ వద్దు. తిన్నగా నడిపితే నడిమి ఒక్కటే గరుకవుతుంది, అంచులు నున్నగానే మిగులుతాయి, కాబట్టి పొడి రోడ్డు మీద మలుపు మలుపుకూ కొంచెం కొంచెం వంపు పెంచుతూ పోవాలి. తొందరగా అవుతుందని గరుకు కాగితంతో గీకడం, పెట్రోలుతో కడగడం చేయకండి, పెట్రోలు రబ్బరును పాడు చేస్తుంది.

వారం తర్వాత చల్లటి టైరులో గాలి మరోసారి చూసి, అయిదు చోట్ల లోతు కొలిచి, ఓడోమీటర్ అంకె పక్కన రాసి పెట్టండి. పాత టైరు నడిపించిన అలవాట్లు చేతుల్లో ఇంకా ఉంటాయి. చదునైన టైరును వంచడానికి పెట్టిన బలమే కొత్తదానికీ పెడితే అనుకున్నదానికంటే ముందే బండి లోపలికి వాలిపోతుంది, అందుకని మొదటి కొన్ని రోజులు హ్యాండిల్‌ను సగం బలంతోనే నెట్టండి.